తలెత్తకు బిడ్డా

ఎవరు చెబితే ఆ పిల్లలంతా ఒక్కసారి నీళ్లలోకి దూకారో బిక్షపతికి అంతుపట్టలేదు.

ఆ వేళ కార్ఖానాకు కరెంటు సెలవు, మరమగ్గాల సాంచలన్నీ బందు. బిడ్డ నీరజ ఈతపోటీలంటూ తిరగడం మొదలుపెట్టాక ఒక్కనాడైనా వెళ్లి చూడని మనిషి, భార్య ఊర్మిళ పోరు పడలేక సూరత్‌లోని ఆల్థాన్ ఈతకొలను దాకా వచ్చాడు. వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. అటూ ఇటూ తువ్వాళ్లు ఒళ్లో పెట్టుకున్న తల్లులు, వాళ్ల చేతుల్లో ఖాఖ్రా రొట్టెల డబ్బాలు. కింద ఆరుగురు ఆడపిల్లలు తలా ఒక దిమ్మె ఎక్కారు. చివరి దిమ్మె మీద ఉన్నది నీరజ. రబ్బరు టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టుకునేసరికి కన్నతండ్రి కూడా పోల్చుకోలేకపోయేవాడే గానీ, ఆ ఎముకలు తేలిన మోకాళ్లు తమ ఇంటివి. వేరే ఇళ్లలో దొరకవు.

కోచ్ హేతల్‌బెన్ గట్టు మీద నిలబడింది. ఆమె పెదాలు కదిలాయి. పిల్లలు వంగి దిమ్మెల అంచులు పట్టుకున్నారు. ఇక ఇప్పుడు సీటీ ఊదుతుంది కాబోలని బిక్షపతి ఆమె బుగ్గల కేసి చూశాడు. బుగ్గలు ఉబ్బలేదు. చెయ్యి లేవలేదు, జెండా ఊగలేదు. ఏమీ జరగలేదు. ఏమీ జరక్కుండానే అయిదుగురు పిల్లలు నీళ్లలో ఉన్నారు! నీరజ మాత్రం తలెత్తి హేతల్‌బెన్ మొహంలోకి చూస్తూ ఉండిపోయి, పక్కవాళ్ల నీళ్లు మీద పడ్డాక దూకింది.

దూకిన తరువాత చూడాలి ఆ పిల్లని! వెళ్లిపోతున్న బస్సును పరుగెత్తి పట్టుకున్నవాడిలా ఒకరిని దాటింది, ఇంకొకరిని దాటింది, మరొకరిని కూడా దాటి ఆ చివర గోడ తాకేసరికి మూడోది అయింది. బిక్షపతి తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు. వెనకనున్న ఆవిడ భుజం మీద తట్టి కూర్చోమని చేత్తో చెప్పింది.

పిల్లలు బట్టలు మార్చుకుంటుండగా హేతల్‌బెన్ పైకి వచ్చింది. పొట్టి మనిషి. ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడుతుంది కాబట్టి బిక్షపతికి ఆమె నచ్చింది.

"దేఖో బిక్షపతిభాయ్, లడ్కీ తేజ్ హై. మగర్ స్టార్ట్ బహుత్ ఖరాబ్."

వచ్చే ఆదివారం జిల్లా జట్టుకు ఎంపిక ఉందట. యాభై మీటర్లకు ఇద్దరినే తీసుకుంటారు. ఆ ఇద్దరూ రాజ్‌కోట్‌లో రాష్ట్రం పోటీలకు పోతారు. ఇంత చిన్న దూరంలో ఇంత ఆలస్యంగా దూకితే ఎంత ఈదినా లాభం లేదని, ఎన్నిసార్లు చెప్పినా ఈ పిల్ల తలెత్తడం మానడం లేదని ఆమె చెప్పుకొచ్చింది. బిక్షపతి బుద్ధిమంతుడిలా తల ఊపాడు. లోపల మాత్రం ఒకటే ప్రశ్న. దూకమని ఎవరూ చెప్పనే లేదు, ఆలస్యం ఎక్కడిది?

*

సాంచలు నడిచే షెడ్డులో ఆ మోతకు మాట పనికిరాదు. నోరున్నవాడి కంటే చేతులున్నవాడే అక్కడ గొప్ప. అరచేయి పెదాల దగ్గరకు పోతే చాయ్. మణికట్టు ఒక మలుపు తిరిగితే పోగు తెగింది. పొట్ట మీద గుండ్రంగా చెయ్యి తిప్పితే సేఠ్ వస్తున్నాడని అర్థం, ఆ ఇషారా చూడగానే బీడీలన్నీ ఆరిపోతాయి. సిరిసిల్ల నుంచి సూరత్‌కు వచ్చిన నాటి నుంచి బిక్షపతి ఈ భాషలో పండితుడు. షెడ్డు ఆ చివరనున్న మనిషి కనుబొమ ఎగరేస్తే చాలు, ఈ చివర ఈయనకు కథంతా తెలిసిపోతుంది. అలాంటి తనకు దొరకని ఇషారా ఒకటి ఆల్థాన్‌లో ఉందంటే పౌరుషం రాదా మరి!

చాయ్ బండి దగ్గర నరహరికి చెప్పాడు. నరహరి పక్క సాంచ మీద పనిచేస్తాడు, వీళ్ల మండలం వాడే.

"ఎవ్వలు జెప్పకుంటనే దూకుతున్నరు నరహరీ! సీటీ లేదు, పాడు లేదు."

"దాంట్ల ఏముందే బిక్షన్నా? ఇషారా ఉంటది. ఉన్నోళ్ల పిల్లలకు ముందే జెప్పి పెడ్తరు. మన పిల్లకెందుకు జెప్తరు?"

"ఇషారా అయితే నాకు దొరకదా?"

"జర నిమ్మలంగ జూడు, దొరుకుతది. నీ కన్ను దప్పిచ్చుకొని యాడికి పోతది?"

ఇద్దరూ మామూలుగానే మాట్లాడుకుంటున్నామని అనుకున్నారు. చాయ్‌వాలా మాత్రం చెవిలో వేలు పెట్టుకుని నవ్వాడు. సందు చివర కూరగాయలు కొంటున్న ఆడవాళ్లు కూడా ఇటు తిరిగి చూశారు.

సాయంత్రం నవాగామ్‌లో ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా అదే గోల. ఊర్మిళ చీరలకు రాళ్లు అతికించే పని పక్కకు జరిపి కంచాలు పెట్టింది.

"నీరజా, వాళ్లకు దూకుమని ఎవలు జెప్తరే?"

పిల్ల పప్పు కలుపుతూ, తల వంచుకునే ఏదో అంది.

"నా మొకం జూసి మాట్లాడు! ఎన్నిసార్లు జెప్పాలె? మనిషి అడుగుతుంటె తల వంచుకునుడు ఏం మర్యాద?"

నీరజ చటుక్కున తలెత్తింది. తండ్రిని చూసింది, తల్లిని చూసింది. తల్లీకూతుళ్ల మధ్య ఒక చూపు అటు నుంచి ఇటు వచ్చి వెళ్లింది. ఇషారాల పండితుడికి ఆ చూపు దొరికింది గానీ అర్థం దొరకలేదు.

"తినెటప్పుడు ఏం లొల్లి నీది? పిల్లను తిననియ్యి" అంది ఊర్మిళ, మొగుడికి ఎదురుగా తిరిగి, ప్రతి మాటా విడివిడిగా.

*

బుధవారం నరహరితో డ్యూటీ పాళీ మార్చుకుని మళ్లీ ఆల్థాన్ పోయాడు బిక్షపతి. ఈసారి మెట్ల మీద కాదు, హేతల్‌బెన్‌కు ఎదురుగా కొలను అవతలి గట్టున నిలబడ్డాడు. తెగిన పోగు వెతికేటప్పుడు గుడ్డ మొత్తం చూడకూడదు, ఒక్కో జానెడే చూసుకుంటూ పోవాలి. అలాగే మొదటి విడత దూకినప్పుడు ఆమె కాళ్లు చూశాడు. కాళ్లు కదల్లేదు. రెండో విడతకు చేతులు చూశాడు. ఎడమ చేతిలో ఏవో కాగితాలు, కుడిచెయ్యి పిడికిలి బిగించి తొడ పక్కన. అదీ కదల్లేదు. మూడో విడతకు మొహం చూశాడు.

దొరికింది!

పిల్లలు దూకే ముందర, పెదాల కింద ఆమె గదువ రవ్వంత పైకి లేచింది. మరోసారి చూశాడు. లేచింది, దూకారు. ఇంకోసారి. లేచింది, దూకారు. బిక్షపతికి నవ్వాగలేదు. ఓసినీ, ఇంతేనా! ఈపాటి దానికి మా పిల్లను ఏడాది పొడుగునా ఏడిపిస్తారా!

ఇంటికి పోయేదాకా కూడా ఆగలేకపోయాడు. గేటు దగ్గరే నీరజ రెండు భుజాలూ పట్టుకుని చెప్పాడు. "మేడం గదువ జూడు బిడ్డా. గది లేస్తది. లేవంగనే దూకు. గంతే!"

"గది గాదు బాపూ, అక్కడ..."

"నేను జెప్తున్న గద! నా కండ్లతోని జూసిన."

నీరజ నోరు తెరిచింది. తండ్రి మొహం పండగలా వెలిగిపోతోంది. నోరు మూసుకుని సరేనంది.

శుక్రవారం సాయంత్రం చివరి సాధన. బిక్షపతి అవతలి గట్టున నిలబడి, తన గదువ పట్టుకుని చూపిస్తూ పిల్లకు గుర్తు చేశాడు. నీరజ వంగింది. అందరి తలలూ మోకాళ్ల మధ్య ఉంటే ఆమె తల ఒక్కటే పైన ఉంది, కళ్లు కోచ్ గదువకు అతుక్కుని ఉన్నాయి. హేతల్‌బెన్‌కు దగ్గొచ్చిందో ఏమో, గదువ ఎగిరింది. నీరజ దూకింది. మిగిలిన అయిదుగురూ దిమ్మెల మీదే ఉండి, నీళ్లలో ఒంటరిగా పోతున్న పిల్లను విచిత్రంగా చూశారు.

హేతల్‌బెన్ కాగితాలు నేలకేసి కొట్టింది. ఆదివారం ఇలా ముందే దూకితే ఆ క్షణమే తీసేస్తారని, రాజ్‌కోట్ సంగతి మరిచిపొమ్మని నీరజ మీద అరిచింది. పిల్ల గట్టు పట్టుకుని నీళ్లలోనే తల వంచుకుంది. టోపీ కింద చెవులు ఎర్రబడటం ఇంత దూరానికి కూడా కనిపించింది.

బిక్షపతి ఇంక ఆగలేదు. చెప్పులతోనే తడిగట్టు చుట్టూ తిరిగి వచ్చేశాడు. "చప్పల్! చప్పల్!" అని కాపలావాడు వెంటపడ్డా చూసుకోలేదు.

"యే క్యా ఇన్సాఫ్ హై మేడం? సీటీ నహీ, ఆవాజ్ నహీ, చుప్కే సే ఇషారా కర్తే! హమారీ బచ్చీకో కౌన్ బోలేగా? గరీబోంకీ బచ్చీ హై ఇస్ లియే?"

గుట్టుగా సైగ చేసి పేదోళ్ల పిల్లను ముంచుతారా అన్న ఆ అరుపుకు కొలను మొత్తం ఆగిపోయింది. హేతల్‌బెన్ కోపంగా ఏదో అనబోయి ఆగింది. అతని మొహంలోకి పరీక్షగా చూసింది. తొడ పక్కనున్న కుడిచెయ్యి పైకెత్తి పిడికిలి విప్పింది. అరచేతిలో అగ్గిపెట్టెకన్నా చిన్న నల్లటి వస్తువు, దాని మీద ఎర్ర మీట. అది కరెంటు సీటీ. ఊదక్కర్లేదు, నొక్కితే చాలు. ఆమె బొటనవేలితో నొక్కింది.

బిక్షపతి చూస్తూ ఉన్నాడు.

"హా, బజావో" అన్నాడు, ఇక మోగించమని.

హేతల్‌బెన్ మళ్లీ నొక్కింది. ఈసారి వేలు తీయలేదు. పక్కనున్న బుడ్డదాని రెండు చేతులూ ఠపీమని చెవుల మీదకు పోయాయి. పైన ఇనుప చువ్వల మీది పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి. మెట్ల మీది తల్లులంతా ఇటు తిరిగారు. లోకమంతా ఉలిక్కిపడుతుంటే బిక్షపతి ఒక్కడే ఆ ఎర్ర మీట కేసి చూస్తూ, ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూస్తున్నాడు.

నీరజ నీళ్లలోంచి ఎక్కి వచ్చింది. ఒళ్లంతా కారుతుండగా సరిగ్గా అతని ఎదురుగా నిలబడి, మొహం పైకెత్తి చెప్పింది.

"మోగింది బాపూ."

ఎవరైనా నవ్వుతున్నారేమోనని బిక్షపతి చుట్టూ చూశాడు. నవ్వి ఉంటే బాగుండేది, కొట్లాడేవాడు. ఎవరూ నవ్వలేదు. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని బయటికి నడిచాడు.

*

బస్సులో నీరజ తండ్రి పక్కన కూర్చోలేదు. ఎదురు సీటులో కూర్చుంది. ఎప్పుడూ అంతే. ఎందుకంతేనో బిక్షపతికి ఆ వేళే తట్టింది.

"నాకు అన్ని ఇనవడ్తయి" అన్నాడు కాసేపటికి. "సాంచల సప్పుడు ఇనవడ్తది. బస్సు సప్పుడు ఇనవడ్తంది. నువ్వు మాట్లాడేది ఇనవడ్తంది గద!"

నీరజ అరచేత్తో నోరు మూసుకుంది. ఆమె కళ్లు, కనుబొమలు కదిలాయి.

"ఏమన్నవు?"

చెయ్యి తీసింది. "ఆకలైతందన్న."

బిక్షపతి కిటికీలోంచి బయటికి చూశాడు. ఉధనా వంతెన కింద లారీలు పోతున్నాయి. వాటి హారన్లు మోగుతున్నాయో లేదో ఇప్పుడు చెప్పలేడు. లారీ కనబడితే హారన్ కూడా వినబడిందని ఇన్నాళ్లూ తన మనసే అనుకునేదేమో. ఎంత మోసం! తనను తాను ఇంత సుళువుగా మోసం చేసుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మేవాడు కాదు. సిగ్గుతో పాటు అతనికి వింతగా కూడా ఉంది.

మళ్లీ ఇటు తిరిగాడు. "మీ అవ్వకు ఎరుకేనా?"

నీరజ తల ఊపింది. "ఒకపారి అన్నది గద. నువ్వు కంచం ఇసిరికొట్టినవు."

"సరే, నా సంగతి ఇడిచిపెట్టు. నీకు ఇనవడ్తది గదనే! నువ్వెందుకు ఆలస్యం జేస్తున్నవు? ఆమె మొకం ఎందుకు జూస్తున్నవు?"

పిల్ల కాసేపు ఆలోచించింది. దాచడం లేదు, ఆ ప్రశ్న తనను తాను ఎప్పుడూ అడుక్కోలేదంతే.

"ఎవరన్న పిలిస్తె మొకం జూడాలె గద బాపూ. మేడం 'టేక్ యువర్ మార్క్' అనంగనే తల దానంతట అదే లేస్తది. దించుకుందమనే అనుకుంట. లేస్తది." ఆగి, మళ్లీ అంది, "నువ్వే జెప్పినవు గద, తల వంచుకొని ఉండద్దని."

 ఆ మాట బిక్షపతి ఎన్నిసార్లు అన్నాడు! అన్నం దగ్గర అన్నాడు, బడికి పోయేటప్పుడు అన్నాడు. పాకే వయసులోనే గదువ పట్టుకుని మొహం తనవైపు తిప్పుకున్నాడు. మర్యాద నేర్పుతున్నాననుకున్నాడు. తన చెవుల పనిని ఈ చిన్న పిల్ల మెడ మీద పెట్టానని అనుకోలేదు. ఏడుపొచ్చింది. బస్సు నిండా జనం ఉన్నారని దగ్గు నటించాడు.

"మరి గదువ జూసి దూకుడు?"

"నువ్వు జూస్తున్నవని" అంది నీరజ.

*

శనివారం బడి నుంచి వచ్చాక డాబా మీద తండ్రీకూతుళ్లు పని మొదలుపెట్టారు. బాబిన్లు వచ్చే చెక్కపెట్టె బోర్లిస్తే అదే దిమ్మె. ముందర ఊర్మిళ పాత బొంత పరిచింది. ఆమె వెనక నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొడుతుంది. కొట్టగానే పిల్ల దూకాలి, తల ఎత్తకూడదు.

"నీరజా! వంగు!" అన్నాడు బిక్షపతి ఎదురుగా నిలబడి.

నీరజ వంగింది. తల లేచింది.

"తలెత్తకు బిడ్డా!"

ఆ మాటకు ఇంకా పైకి లేచింది.

"అయ్యో, ఎత్తకంటే ఎత్తుతదేందే!" అని ఊర్మిళ నవ్వింది. పిల్లకూ నవ్వొచ్చింది. మళ్లీ వంగింది, మళ్లీ లేచింది. చేత్తో తల నొక్కి పట్టుకున్నాడు బిక్షపతి. వేళ్ల కింద ఆ మెడ నరాలు పైకి తన్నుకొస్తున్నాయి. తన గొంతు వింటే చాలు, అవి లేస్తాయి. ఎన్నేళ్ల అలవాటు! చేయి తీసేసి నిలబడ్డాడు. పక్కింటి డాబా మీద ఎండబెట్టిన చీరల కేసి కాసేపు చూశాడు.

తరువాత పిల్లకు వీపు పెట్టి అటు తిరిగాడు.

"వంగు" అన్నాడు గోడకేసి చూస్తూ. "నా మొకం లేదిప్పుడు. జూసినా ఫాయిదా లేదు."

ఇక అతనికి ఏమీ తెలియదు. పళ్లెం మోగిందో లేదో, పిల్ల వంగిందో తలెత్తిందో, తల్లీకూతుళ్లు ఏమనుకుంటున్నారో. అందరి ముఖాలూ ఒక్కసారి ఆరిపోయినట్టు భయమేసింది. తిరిగి చూడాలని మెడ పీకేస్తోంది. పళ్లు బిగబట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు అరికాళ్ల కింద డాబా దడేల్‌మంది. పిల్ల దూకింది. కాసేపటికి మళ్లీ దడేల్‌మంది. అలా చాలాసేపు గోడ చూస్తూ, కాళ్లతో పిల్లను లెక్కబెట్టుకుంటూ నిలబడ్డాడు. చివరికి ఊర్మిళ వచ్చి అతని భుజం పట్టి తిప్పింది.

"ఇగ ఎత్తుతలేదు" అంది.

*

ఆదివారం ఆల్థాన్‌లో జనమే జనం. బిక్షపతి ముందుగా హేతల్‌బెన్ దగ్గరకు పోయి, మొన్న అన్న మాటలకు చేతులు జోడించాడు. ఆమె అతని మోచెయ్యి తట్టి, పెదాలు స్పష్టంగా కదుపుతూ, "బైఠో బిక్షపతిభాయ్, దేఖో" అంది. ఊర్మిళ మెట్ల మీద సంచుల దగ్గర కూర్చుంది. అతను మాత్రం అక్కడ ఉండలేదు. బిడ్డకు తన మొహం ఏ మూలా కనబడకూడదని దిమ్మెల వెనక, బట్టలు మార్చుకునే గదుల గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పక్కన ఒక ముసలి గుజరాతీ కాకా కుర్చీ వేసుకుని ఉన్నాడు.

ఆరుగురూ ఎక్కారు. ఇక్కడి నుంచి అందరి వీపులే. నీరజ వీపు వంగింది. తల మోకాళ్ల మధ్యకు పోయింది. మెడ మీది ఎముక ఒక్కటి పైకి తేలింది. అది లేస్తుందేమోనని బిక్షపతి దాన్నే చూశాడు. లేవలేదు. పిలిచినవాళ్ల మొహం చూడకుండా ఆ పిల్ల బతుకులో మొదటిసారి అలా ఉండిపోయింది.

ఆరు వీపులూ ఒక్కటిగా గాలిలోకి లేచాయి. అందులో ఏది ముందో ఏది వెనకో ఇషారాల పండితుడు కూడా చెప్పలేకపోయాడు.

తరువాత నీళ్లు, నురుగు, చేతులు. అవతలి గోడ దగ్గర అందరూ కలిసే చేరినట్టున్నారు. మెట్ల మీద జనం నోళ్లు తెరిచి లేచారు. ఎవరు ముందో తెలియలేదు. నీరజ గోడ పట్టుకుని న్యాయనిర్ణేతల బల్ల కేసి చూస్తోంది. బల్ల దగ్గర ఒకాయన మైకు అందుకున్నాడు. మైకు అతని నోటికి అడ్డంగా ఉంది. బిక్షపతి పక్కకు జరిగాడు, మెడ సాచాడు. పెదాలు కనబడలేదు. మొదటి పేరు అయిపోయింది కాబోలు, ఒక పొడుగు పిల్ల చేతులెత్తి గంతేసింది. ఇప్పుడు రెండోది చదువుతున్నాడు.

బిక్షపతి పక్కనున్న కాకా ముందు వంగాడు. కడుపున పుట్టిన పిల్ల దగ్గర, కట్టుకున్న పెళ్లాం దగ్గర ఒప్పుకోని మాట, తనకు చెవులు వినబడవన్న మాట, ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పాడు.

"కాకా, మేరేకో సునాయీ నహీ దేతా. కిస్కా నామ్ బోలా?"

ముసలాయన అతన్ని ఎగాదిగా చూశాడు. చెయ్యి దోసిలిలా చేసి అతని చెవికి ఆనించి, గట్టిగా అరిచాడు. తండ్రి పేరు నడుమ పెట్టి, ఇంటిపేరు చివర పెట్టి పిలవడం ఆ దేశపు పద్ధతి.

"నీరజ బిక్షపతి అడెపు!"

బిక్షపతి కదల్లేదు. చెవి కూడా తీయలేదు.

"ఫిర్ సే బోలో కాకా" అన్నాడు, ఇంకోసారి చెప్పమని.

మొదటిసారి చెప్పినప్పుడే అతనికి వినబడింది.